జోడు చక్రాల్లో బయటిదీ లోపలిదీ

అమెరికాలో డ్యూలీ అని పిలిచే పికప్ ట్రక్కులున్నాయి. ముందు రెండు చక్రాలు, వెనక ఇరుసుకు ఒక్కో పక్కన జోడుగా రెండేసి, మొత్తం ఆరు. షెవర్లే కంపెనీ 1973లో ‘బిగ్ డూలీ’ పేరుతో ఇలాంటి బండిని ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టింది. ఇవాళ రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500, షెవర్లే సిల్వరాడో 3500. టెక్సస్, ఓక్లహోమా పల్లెల్లో గుర్రాల ట్రైలర్లూ ఎండుగడ్డి చుట్టలూ లాగేది ఇవే. పెద్ద ట్రైలరైతే తన ముక్కును పికప్ తొట్టిలో, దాదాపు వెనక ఇరుసు నెత్తిమీదే మోపుతుంది. ఆ బరువుకు రెండు టైర్లు చాలవు, నాలుగు కావాలి.

ఈ బళ్లలో కాస్త ఖరీదైన రకాలు తీసుకుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. జోడులో బయటి చక్రం ఫోర్జింగ్ చేసిన అల్యూమినియం, తళతళలాడుతుంటుంది. లోపలిది నల్లరంగు పూసిన మామూలు ఉక్కు డిస్కు. హబ్బు ఒకటే, అవే ఎనిమిది స్టడ్లు, అవే నట్లు. జాతి వేరైన రెండు చక్రాలు వీపూ వీపూ ఆనించుకుని ఒకే బరువు మోస్తుంటాయి. పాత డ్యూలీ కొని మళ్లీ కొత్తదానిలా చేసుకోవాలనుకునేవాళ్లు పడే పాట్లన్నీ బయటి చక్రం మీదే. లోపలిదాన్ని విప్పి నాలుగు రుద్దులు రుద్ది, స్ప్రే డబ్బాతో నల్లరంగు కొట్టి ఎక్కడిదక్కడ పెట్టేస్తారు. ఫొటోలో అది పడదు కదా! రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే ఈ శ్రద్ధ తలకిందులైందనే నా అభిప్రాయం. బండి బతుకు ఆధారపడేది ఆ రెండు చక్రాలూ ఒకదాన్నొకటి తాకే ముఖం మీద. బాగుచేసేవాడి పనితనాన్ని కొలవాల్సింది కూడా అక్కడే.

ముందు పుట్టుకల సంగతి చూద్దాం. బయటి చక్రానిది గొప్పింటి పుట్టుక. అల్కోవా కంపెనీ 1948లో ట్రక్కుల కోసం ఫోర్జింగ్ అల్యూమినియం చక్రాన్ని తెచ్చింది. 2016లో ఒకసారి, 2020లో ఇంకోసారి ఆ కంపెనీ చీలిపోయి చక్రాల వ్యాపారం ఇప్పుడు హౌమెట్ ఏరోస్పేస్ చేతిలో ఉంది. చక్రం మీద ముద్ర మాత్రం అల్కోవాదే. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చల్లారిస్తే వచ్చేది పోత చక్రం. చల్లారేటప్పుడు లోపల సన్నటి బుడగలు మిగిలే ప్రమాదం పోతకు ఎప్పుడూ ఉంటుంది. ఫోర్జింగ్‌లో లోహం కరగదు. 6061 రకం అల్యూమినియం దిమ్మను వేడిచేసి 8,000 టన్నుల ప్రెస్సు కింద పెట్టి నొక్కుతారు. లోహంలోని రేణువుల బారు తెగకుండా చక్రం ఆకారం వెంటే ఒదిగి సాగుతుంది. ఆ తర్వాత బాగా కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ మితమైన వేడిలో గంటల తరబడి ఉంచి గట్టిపరుస్తారు. దానికే టి6 అని పేరు. ఈ చివరి వేడి సుమారు 160, 175 డిగ్రీల మధ్య ఉంటుంది. ఈ అంకెతో తర్వాత పని పడుతుంది.

లోపలి చక్రానికి ఇంత చరిత్ర లేదు. ఉక్కు పట్టీని గుండ్రంగా చుట్టి అతికి, రోలర్ల మధ్య ఒంపులు తిప్పితే రిమ్ము తయారవుతుంది. మందపాటి ఉక్కు రేకును ప్రెస్సులో నొక్కితే డిస్కు. రెండూ కలిపి వెల్డింగ్ చేసి రంగులో ముంచుతారు. చౌక, మొండి, ఎక్కడైనా దొరుకుతుంది.

ఇక్కడే చాలామంది తీర్పు చెప్పేస్తారు: తేలికది, ఖరీదైనది, అందమైనది గెలిచినట్టే అని. అంత తేలిగ్గా తేలే లెక్క కాదు. అల్యూమినియం సాంద్రత 2.7, ఉక్కుది 7.85. అంటే బరువులో మూడో వంతు. కానీ వంగకుండా నిలిచే బిగువు కూడా ఉక్కుతో పోలిస్తే మూడో వంతే. ఆ లోటు పూడ్చాలంటే డిస్కును మందంగా చెయ్యక తప్పదు. అందుకే ఆదా మూడింట రెండొంతులు రాదు. పెద్ద లారీలకు వేసే 22.5 అంగుళాల చక్రం ఉక్కుదైతే 30 కిలోలు అటూ ఇటూగా ఉంటే, అల్కోవా అన్నిటికన్నా తేలిక రకం 18 కిలోల దాకా దిగింది. మంచి ఆదాయే, కానీ దాని వెంట మందం కూడా వస్తుంది. నట్లు బిగించే రోజున ఆ మందం తన వాటా అడుగుతుంది.

అలసట విషయంలో ఉక్కుది పైచేయి. ఒక హద్దు లోపల ఎన్ని లక్షల సార్లు ఒత్తిడి పడ్డా ఉక్కు ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. తక్కువ ఒత్తిడైనా సరే, తిరిగిన ప్రతి చుట్టూ దాని ఖాతాలో పడుతూనే ఉంటుంది. అది తెలుసు కాబట్టే తయారుచేసేవాళ్లు దాన్ని మరింత దిట్టంగా తయారుచేస్తారు. పగులు కనబడ్డా, వంగినా వెల్డింగ్ చెయ్యొద్దు, కాల్చి సాపు చెయ్యొద్దు, పారెయ్యమని మాన్యువల్‌లో నిక్కచ్చిగా రాస్తారు. మంటల్లో చిక్కిన చక్రమైతే చూడటానికి ఎలా ఉన్నా పనికిరాదు. కాలిస్తే టి6 గట్టిదనం పోతుంది, ఆ పోయిన సంగతి కంటికి కనబడదు.

మెరుపులో ఇంకో తమాషా ఉంది. డ్యూలీ ముందు చక్రం మధ్యభాగం బయటికి ఉబ్బి ఉంటుంది. వెనక బయటి చక్రం లోతు గిన్నెలా లోపలికి పోయి ఉంటుంది. చూసినవాళ్లు రెండు రకాల చక్రాలనుకుంటారు. నిజానికి అది ఒకే చక్రం, తిరగేసి బిగించారంతే. అందుకే ముందు వేసేదానికి ఒక ముఖాన్నీ, వెనక వేసేదానికి దాని అవతలి ముఖాన్నీ మెరుగుపెడతారు. పాత సామాను బజారులో ‘నాలుగు అల్కోవాలు’ కొని తెచ్చుకుని, నాలుగింటికీ ఒకే వైపు మెరుపు ఉందని ఇంటికొచ్చాక గమనించి తల పట్టుకునేవాళ్లు ఉంటారు. ఉక్కు డిస్కుకు ఈ గొడవ లేదు. దానికి రెండు ముఖాలూ ఒకటే. అందుకే అల్యూమినియం చక్రాల డ్యూలీలో కూడా స్టెప్నీగా ఉక్కు చక్రమే ఇస్తారు. ఆరు చోట్లలో ఎక్కడైనా ఇమిడిపోతుంది.

ఇక బాగుచేత. బయటి చక్రం విషయంలో మొదట తేల్చుకోవాల్సింది దాని ముఖం మీద ఏముందో. అందులో మూడు రకాలు. ఏ పూతా లేని వట్టి లోహం, పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉన్నది, అల్కోవా డ్యూరా-బ్రైట్ లాంటి ప్రత్యేక సంస్కారం పొందినది. మూడోది పైన పూసిన పొర కాదు, లోహంతో కలిసిపోయిన రక్షణ. దాన్ని సబ్బు నీళ్లతో కడగాలంతే. పాలిష్ చేద్దామని బఫింగ్ చక్రం పెట్టారా, ఆ రక్షణ అక్కడితో సరి. మళ్లీ ఇంట్లో తెచ్చిపెట్టుకోలేం. శ్రద్ధ ఎక్కువై చెడే చక్రం ఇది. ఏ రకమో కనుక్కోకుండా గ్రైండర్ చేతపట్టేవాడికన్నా ఏమీ చేయకుండా కూర్చునేవాడు మేలు.

వట్టి లోహమైనా, క్లియర్ కోటు ఉన్నదైనా పని చేతినిండా ఉంటుంది. ముందు తారు, గ్రీజు, బ్రేకుల పొడి పోయేలా కడగాలి. క్లియర్ కోటు ఉంటే స్ట్రిప్పర్ పూసి ఊడదియ్యాలి. ఆ తర్వాత వాటర్ పేపరు. గీతలు లోతుగా ఉంటే 320తో మొదలుపెట్టి 400, 600, 800, 1000 వరకు. ప్రతిసారీ ముందు పేపరు గీతలు పూర్తిగా పోయేదాకా, నీళ్లతో తడుపుతూ రుద్దాలి. 400 గీత ఒక్కటి మిగిలినా బఫింగ్ అయ్యాక ఎండలో అది పిలిచి మరీ కనబడుతుంది. ఆపైన గ్రైండరుకు గుడ్డ చక్రం తగిలించి, పాలిష్ కడ్డీని తిరిగే గుడ్డకు తాకించి, ముందు ముతక రకంతో, తర్వాత సన్న రకంతో. మొదటి దఫాలో చక్రం నిండా నల్లటి జిడ్డు పేరుకుంటుంది. కొత్తవాళ్లు అక్కడే హడలిపోతారు. మైదాపిండి చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే ఆ నలుపు లేచొచ్చి అడుగున మొహం కనబడుతుంది. డిస్కులోని గుండ్రటి కంతల అంచులు, స్టడ్డు కంతల మధ్య ఇరుకు సందులు మాత్రం మెషీనుకు లొంగవు. అక్కడ వేలికి గుడ్డ చుట్టుకుని చేత్తో చెయ్యాల్సిందే. పని తెలిసినవాడెవడో తెలియనివాడెవడో ఆ సందుల్లో తేలిపోతుంది.

ఈ శ్రమ తప్పించుకోవడానికి అడ్డదారి ఒకటుంది. లారీలు కడిగేచోట ‘అల్యూమినియం బ్రైటెనర్’ అని చల్లే ద్రావకాల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసినవి ఉంటాయి. చల్లగానే నురగ పొంగి మురికి జారిపోతుంది, రెండు నిమిషాల్లో చక్రం తెల్లబడుతుంది. తెల్లబడటమే సమస్య. పాలిష్ చేసిన ముఖం ఆమ్లానికి పాలిపోయి మసకబారుతుంది. మనిషికి ఇంకా చెడ్డది. చర్మం మీద పడితే మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది. మెరుపు కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం అంటే ఇదే.

అంత చేసి సాధించిన వట్టి లోహపు మెరుపు ఎన్నాళ్లుంటుంది? చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే ఒహాయో, మిషిగన్ లాంటి చోట్ల నెలలు కూడా నిలవదు. అయినా నా ఓటు దానికే. మసకబారితే మళ్లీ రుద్దుకోవచ్చు, ఎక్కడ ఏం జరిగిందో పైకే కనబడుతుంది. క్లియర్ కోటు కింద ఒకచోట తేమ దూరితే తెల్లటి పురుగు పాకినట్టు పొర అడుగునే తుప్పు నడుస్తుంది, మొత్తం ఊడదీస్తే గాని బాగుపడదు. అయొవాలోని వాల్కాట్‌లో ఏటా జరిగే ట్రక్కర్ల జాంబొరీకి వచ్చే అందాల పోటీ లారీల చక్రాల వెనక ఈ రుద్దుడు ఎంత ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఆ పనితనాన్ని తక్కువ చెయ్యలేం. కాకపోతే ఇల్లు అలకగానే పండగ కాదు.

మెరుపు మీద ధ్యాసలో అల్యూమినియం చక్రానికే ఉన్న అసలు రోగం తప్పిపోతుంటుంది. టైరు అంచు ఒరుసుకుని రిమ్ము అంచు కొంచెం కొంచెంగా అరిగి కత్తిలా పదునెక్కుతుంది. ఆ పదును టైరునే కోస్తుంది. దాన్ని ఆకురాయితో మొండి చెయ్యాలి. ఎంతవరకు అరగొచ్చో చూడటానికి కంపెనీ గేజి ఇస్తుంది. దాటితే చక్రం ఎంత నిగనిగలాడినా పక్కన పెట్టాల్సిందే. టైరు ఊడదీస్తే గాని ఇది సరిగ్గా కనబడదు. టైరు ఉండగానే బఫింగ్ చేసి ‘రెస్టోర్ చేశాను’ అనుకునేవాడు ఆ అంచును చూసే ఉండడు.

లోపలి చక్రానికి వద్దాం. దాన్ని హబ్బు నుంచి దింపగానే చూడాల్సినవి పైపై తుప్పు కావు. నట్ల కంతల దగ్గర నుంచి ఎర్రటి చారలు బయటికి పాకి ఉంటే ఆ జోడు ఎప్పుడో వదులైందని లెక్క. కంత గుండ్రంగా కాక కోలగా సాగి ఉంటే వదులుగానే చాలా దూరం నడిచిందని లెక్క. డిస్కుకూ రిమ్ముకూ మధ్య వెల్డింగ్ వెంట, పెద్ద కంతల మూలల్లో వెంట్రుకవాసి పగుళ్లు దాక్కుంటాయి. అసలైన చోటు మధ్యభాగం. బయటి అల్యూమినియం చక్రం వచ్చి ఆనే వలయం. దాని మీద ఉక్కు స్కేలు నిలువుగా పెట్టి వెనక నుంచి టార్చి వేస్తే, కింద పొరలు పొరలుగా లేచిన తుప్పు గుట్టలు, వాటి మధ్య వెలుతురు కారే సందులు కనబడతాయి. ఆ గుట్టల మీద చక్రం బిగిస్తే ఆరోజుకు గట్టిగానే ఉంటుంది. వంద మైళ్లు తిరిగేసరికి తుప్పు నలిగి పొడైపోతుంది. నట్టు కదలకపోయినా బిగువు పోతుంది.

ఎందుకంటే ఈ అమరికలో బరువు మోసేది స్టడ్లు అడ్డంగా నిలబడి కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు సాగుతుంది. సాగిన స్టడ్డు తిరిగి కుంచించుకోవాలని లాగే లాగుడుకు హబ్బు, లోపలి చక్రం, బయటి చక్రం ఒకదాన్నొకటి అదిమి పట్టుకుంటాయి. ముఖానికీ ముఖానికీ మధ్య రాపిడే బండిని నడిపిస్తుంది, ఆపుతుంది. ఇటీవలి ఎఫ్-350 నట్లకు చెప్పిన బిగింపు 165 పౌండ్-అడుగులు. లెక్కగడితే ఒక్కో స్టడ్డు సుమారు ఎనిమిది టన్నుల బలంతో లాగుతుంది. అంత బలానికీ అది సాగేది మిల్లీమీటరులో పదోవంతు, మహా అయితే రెండు వంతులు.

ఇప్పుడు పౌడర్ కోటింగ్ సంగతి చూడండి. తుప్పుకు శాశ్వత విరుగుడని లోపలి ఉక్కు చక్రానికి ఈ పూత వేయిస్తారు. బయటిదానికి కూడా రంగు కావాలనుకునేవాళ్లుంటారు. పూత మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు. రెండు చక్రాలకూ రెండు ముఖాలకూ పూస్తే నట్టుకూ హబ్బుకూ మధ్య నాలుగు పొరలు చేరినట్టు. కలిపితే మిల్లీమీటరులో పావు నుంచి మూడోవంతు దాటి ఉంటుంది. స్టడ్డు సాగే సాగుడంతా పదోవంతైతే దానికన్నా ఎక్కువ మందం మెత్తటి ప్లాస్టిక్ లాంటి పొరను మధ్యలో పెట్టామన్నమాట! అది వేడికీ ఒత్తిడికీ నలిగి చిక్కిన కొద్దీ బిగువు అంతకంత దిగిపోతుంది. ఉక్కు డిస్కుకు పూత మంచిదే, కానీ ఆనే ముఖాలనూ నట్లు కూర్చునే చోట్లనూ మూసిపెట్టి పూయించాలి. అల్యూమినియానికైతే ఇంకో అనుమానం కూడా ఉంది. పూతను కాల్చే పొయ్యి 180, 200 డిగ్రీల దగ్గర నడుస్తుంది. టి6 చక్రాన్ని గట్టిపరిచిన వేడి అంతకన్నా తక్కువని ఇందాక చెప్పుకున్నాం. కొద్ది నిమిషాలైతే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. పొయ్యి వేడి హద్దు మీరినా, చక్రాన్ని అందులో మరిచిపోయినా ఏం పోయిందో చెప్పే సాధనం ఆ షాపులో ఉండదు.

రెండు లోహాలూ ఒకే షాపులో బాగుచేసేటప్పుడు చేతి అలవాట్లు కూడా వేరు చేసుకోవాలి. ఉక్కు చక్రం మీద తుప్పు గీకిన వైరు బ్రష్షునే అల్యూమినియం మీద పెడితే ఇనప రజను దాంట్లో నాటుకుని మర్నాటికి చుక్కలు చుక్కలుగా తుప్పు పూస్తుంది. పైగా సన్నటి అల్యూమినియం పొడి మండే సరుకు. ఇనప తుప్పుతో కలిసిన చోట నిప్పురవ్వ పడితే మంట ఇంకా ఉధృతం.

బిగించే రోజున మళ్లీ రెండూ ఒకే చోట చేరతాయి. హబ్బు ముఖం, లోపలి చక్రం రెండు ముఖాలు, బయటి చక్రం వీపు లోహం కనబడేలా శుభ్రంగా ఉండాలి. ఉక్కు, అల్యూమినియం కలిసిన చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియమే కరిగి తెల్లటి పొడిగా మారుతుంది, బయటి చక్రం లోపలిదానికి అతుక్కుని సుత్తి దెబ్బకు కూడా ఊడని స్థితికి వస్తుంది. హబ్బు మధ్య గుబ్బ మీద పల్చగా గ్రీజు రాయొచ్చు, ఆనే ముఖం మీద మాత్రం కాదు. ఫోర్డ్ నట్టుకు కిందనే తిరిగే వాషరు ఉంటుంది, నట్టుకూ వాషరుకూ మధ్య ఒక్క చుక్క ఆయిలు. నక్షత్రం వరుసలో ఎదురెదురు నట్లు బిగిస్తూ, చివర టార్క్ రెంచితో 165. తర్వాత వంద మైళ్లు తిరిగాక మళ్లీ పట్టి చూడటం తప్పనిసరి. జోడు చక్రాలకు ముఖాలు ఎక్కువ, అవి సర్దుకునే సర్దుబాటూ ఎక్కువ.

పెద్ద లారీల్లో ఈ బిగింపులో రెండు సంప్రదాయాలున్నాయి. పాతదాంట్లో లోపలి చక్రానికి ఒక నట్టు, ఆ నట్టు మీదే బయటిదానికి ఇంకో నట్టు, ఎడమ పక్కన ఎడమ మరలు. బయటిది వదులు చేస్తే గాని లోపలిది పరీక్షించలేం. ఉక్కు, అల్యూమినియం కలిపి వాడితే లోపలి నట్టు రకమే మారాలి. కొత్తదాంట్లో హబ్బే చక్రాన్ని మధ్యలో నిలబెడుతుంది, ఒక్కో స్టడ్డుకు ఒకే నట్టు. రెండింటికీ బిగింపు 450 నుంచి 500 పౌండ్-అడుగులే గాని, పాతదానికి మరలు పొడిగా ఉండాలి, కొత్తదానికి రెండు చుక్కల ఆయిలు వెయ్యాలి. పొరపాటున తారుమారు చేస్తే అంకె సరిపోయినా బిగువు సరిపోదు. కొత్త పద్ధతి పాతదాన్ని వెనక్కి నెట్టడానికి నా దృష్టిలో పెద్ద కారణం ఇదే. లోపలి చక్రం బిగువును బయటిదాని చాటున దాచలేదది.

మన కళ్లకు గంతలు కట్టి లోపలి చక్రాన్ని పూర్తిగా దాచే వస్తువు ఇంకోటుంది. ఆరూ ఉక్కు చక్రాలే ఉన్న డ్యూలీలకు పైన తొడిగే స్టెయిన్‌లెస్ తొడుగులు. దూరం నుంచి అల్యూమినియం చక్రమేననిపిస్తాయి. నట్లు కూడా ఉత్తుత్తివే. వాటిని ఊడదీస్తే గాని నిజం నట్లు అందవు, అందకపోతే వందమైళ్ల పరీక్ష ఎవరూ చెయ్యరు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఫోర్జింగ్ చక్రానికి తగదు, దానికి లోపలా సత్తా ఉంది. ఈ తొడుగులకు మాత్రం అచ్చంగా సరిపోతుంది.

మన వైపు లారీలకు ఈ వివక్ష తెలియదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో జాకీల మీద నిలబెట్టిన బళ్లు చూస్తే లోపలిదీ బయటిదీ ఒకే ఉక్కు డిస్కు, ఒకే రంగు. అటుది ఇటు, ఇటుది అటు వేసుకోవచ్చు. బండిని పిలిచేదే టైర్ల లెక్కతో: ఆరు టైర్ల బండి, పది టైర్లది, పన్నెండు టైర్లది. ఆ లెక్కలో లోపలి టైరుకు బయటిదానితో సమాన హోదా. ప్రభుత్వం 2018లో బరువుల హద్దు పెంచినప్పుడు నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులు చేసింది. లోపలి టైరు సగం గాలితో ఉంటే ఆ హద్దుకు అర్థమే లేదు. దాబా దగ్గర ఆగగానే క్లీనరు రాడ్డు పుచ్చుకుని చుట్టూ తిరిగి టైర్లను కొట్టి చప్పుడు వింటాడే, అది ముఖ్యంగా లోపలి టైరు కోసమే. కూర్చున్న లోపలి టైరు బయటిదాని చాటున మామూలుగానే కనబడుతుంది. అమెరికా ట్రక్ స్టాపుల్లో ఇదే పనికి చెక్క దుడ్డుకర్రలు అమ్ముతారు. మన దగ్గర బలహీనత బిగింపులో ఉంది. పొడుగాటి పైపు తగిలించి, పానా మీద మనిషి ఎక్కి తొక్కితే ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు. ఎక్కువ బిగిస్తే మంచిదేననుకుంటారు గాని, హద్దు దాటి సాగిన స్టడ్డు ఇక వెనక్కి లాగదు.

మరైతే లోపల కూడా అల్యూమినియమే వేస్తే పోదా? పెద్ద లారీల్లో అలా వేసేవాళ్లున్నారు, వాళ్ల లెక్క సరైనదే. అమెరికాలో బండి, సరుకు కలిపి 80,000 పౌండ్లు దాటకూడదు. పద్దెనిమిది చక్రాల మీద ఇందాకటి తేడా చొప్పున 200 కిలోల పైచిలుకు మిగిలితే అంత సరుకు అదనంగా ఎక్కుతుంది. వేరు లోహాలు ఒరుసుకునే బెడదా తప్పుతుంది. పికప్ డ్యూలీకి మాత్రం నేనొప్పుకోను. రెండు మందపాటి డిస్కులు చేరితే స్టడ్డు చివర నట్టుకు మిగిలే మరలు తగ్గిపోతాయి, పొడుగు స్టడ్లు మార్చాలి. హబ్బు గుబ్బ బయటి చక్రం దాకా అందుతుందో లేదో చూసుకోవాలి. టైర్ల మధ్య సందు మారకుండా చూసుకోవాలి. ఇంత చేసి మెరుగుపెట్టిన ముఖం చీకట్లో ఉంటుంది. ఆ డబ్బుతో కొత్త ఉక్కు డిస్కులు రెండు, కొత్త స్టడ్ల సెట్టు, మంచి టార్క్ రెంచి వస్తాయి.

టైర్ల జత కూడా చూసుకోవాలి. ఒకే పక్క రెండింటి ఎత్తులో పావు అంగుళం మించి తేడా ఉంటే పెద్దది బరువంతా నెత్తిన వేసుకుంటుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. తేడా ఉన్నప్పుడు పెద్దదాన్ని బయట వేస్తారు, రోడ్డు మధ్యలో ఉబ్బి అంచులకు వాలుగా ఉంటుంది కనుక. వాల్వులు ఎదురెదురుగా వచ్చేలా చక్రాలు తిప్పి పెట్టుకుంటే బయటిదాని కంతలోంచి లోపలిదానికి గాలి పట్టొచ్చు.

వాడిన చక్రాలు కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు కొలవాల్సింది స్టడ్డు కంతల వలయం. ఫోర్డ్ డ్యూలీకి 1999 నుంచి 2004 వరకు 170 మిల్లీమీటర్లు, 2005 నుంచి 200. షెవర్లేకు 2010 వరకు ఆరున్నర అంగుళాలు, అంటే 165.1 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 210. రామ్ 2019లో ఆరున్నర అంగుళాల నుంచి 200కు మారింది. 165కూ 170కీ తేడా కంటికి ఆనదు, బలవంతాన దూర్చాలని చూసేవాళ్లు లేకపోలేదు. అమ్మేవాడు పంపే ఫొటోలో మెరిసే ముఖమే ఉంటుంది. వెనక ముఖం, నట్ల కంతల అంచులు, టైరు తీసేసిన రిమ్ము అంచు దగ్గరగా తీసి పంపమనాలి. పంపకపోతే ఇంకొకరిని చూసుకోవచ్చు, ఈ చక్రాలకు కొరతేం లేదు. పంపితే, లోపలికి వేసే ఉక్కు డిస్కుల ఖరీదు పక్కన పెట్టుకుని మిగతా డబ్బుతోనే బేరం మొదలుపెట్టాలి.